మానని కాలిపుండు

నెలలు గడచినను మానని కాలిపుండు సుశ్రుతుఁడు చెప్పిన దుష్టవ్రణముల జాతిలోనిది. పసరులు మార్చిమార్చి పోయుటకంటె మూలము నెఱుఁగుట ముఖ్యము. లోపలి చీలమండకుఁ బైన, నల్లబడిన చర్మముమీఁదఁ బుట్టినది ప్రాయికముగా సిరాదోషజము. సిరలలోని కవాటములు చెడి రక్తము క్రిందనే నిలుచును. దీనికి మందుకంటెఁ గట్టు మేలు. వ్రేళ్లమొదలు మోకాలిదాఁక బిగికట్టు కట్టి, పరుండునపుడు కాలెత్తి యుంచవలెను. సుశ్రుతుని యఱువది వ్రణోపక్రమములలో బంధనము నొకటి గదా!

అయినను దొందర కూడదు. పాదమున నాడి యందక, కాలు చల్లనై యున్నచో ధమని పూడినదని శంకింపవలెను. అట్టి కాలికి బిగికట్టు కట్టినఁ బాదమే పోవచ్చును. అందుకే వైద్యుఁడు ముందుగాఁ జీలమండ రక్తపీడనమును జేతిదానితోఁ బోల్చును, నిష్పత్తి 0.8కంటెఁ దక్కువైనఁ బూర్తి బిగువు తగదు.

అరికాలి నొప్పిలేని పుండునకు మధుమేహము కారణమా యని చూడవలెను. అంచులు లేచి పెరుగు పాతపుండునుండి తునుక తీయించి, క్యాన్సరేమో పరీక్ష చేయింపవలెను.