చక్రంలో ఉమ్మడి కాపురం

పాత సైకిలుకు ఒక్క చక్రం మారిస్తే చాలు... అదే కరెంటు సైకిలైపోతుంది! మోటారు, బ్యాటరీ, కంట్రోలరు అన్నీ ఆ చక్రంలోనే ఉంటాయి. వినడానికి భలే ఉంది కదూ! మరి వాడకంలో?

మెట్ల కింద దుమ్ము పట్టిన సైకిలు ఇప్పటికీ చాలా ఇళ్లలో కనిపిస్తుంది. నాన్న ఒకప్పుడు దానిమీదే ఆఫీసుకు వెళ్లొచ్చేవారు. ఇప్పుడు ఫ్లైఓవరు కనిపిస్తే మోకాళ్లు మొరాయిస్తున్నాయి. డాక్టరేమో వ్యాయామం మానొద్దంటాడు. సైకిలు అమ్మేద్దామంటే మనసొప్పదు, తొక్కుదామంటే ఒళ్లొప్పదు. ఇలాంటి ఇంట్లో ఎవరో ఒకరి కంట పడుతుంది ఈ 'మాయా చక్రం'. అమెరికాలో ఉన్న అబ్బాయి 'ఈసారి వచ్చేటప్పుడు తెస్తాలే నాన్నా' అని మాటిచ్చేస్తాడు కూడా. డబ్బులు కట్టేముందు దాని మంచిచెడ్డలు రెండూ తెలుసుకోవడం మంచిది.

కోపెన్‌హాగన్ నుంచి మొదలు

ఇలాంటి చక్రాల్లో అందరికన్నా పేరు తెచ్చుకున్నది 'కోపెన్‌హాగన్ వీల్'. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు దీన్ని తయారుచేశారు. 2009 డిసెంబరులో కోపెన్‌హాగన్‌లో వాతావరణ సదస్సు జరిగినప్పుడు ప్రపంచానికి చూపించారు. వెనక చక్రం మధ్యలో పళ్లెమంత ఎర్రటి డబ్బా. లోపలే మోటారు, బ్యాటరీ, మనిషి ఎంత బలంగా తొక్కుతున్నాడో పసిగట్టే సెన్సర్లు. దాన్ని నడిపే తాళంచెవి ఫోన్లోని యాప్. పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడడమే కాదు, కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. ఆ తర్వాత 2013లో 'ఫ్లైక్లై', 2016లో ముందు చక్రం స్థానంలో బిగించే 'జియోఆర్బిటల్' వచ్చాయి. రెండూ జనం ముందుగా కట్టిన డబ్బుతో రూపుదిద్దుకున్నవే.

సుఖం ఎక్కడంటే...

మామూలు మనిషి అలవాటుగా తొక్కితే ఎంతోసేపు ఇవ్వగల శక్తి 75 నుంచి 100 వాట్లు. 250 వాట్ల మోటారు తోడైతే ఇద్దరు ముగ్గురు వెనక నుంచి తోస్తున్నట్లే. బంజారాహిల్స్ ఎక్కుడు రోడ్డయినా, ఎదురుగాలి కొట్టే కట్టమీదయినా రొప్పు రాదు. అలాగని కాళ్లకు సెలవేమీ లేదు. తొక్కితేనే తోడొస్తుంది కాబట్టి వ్యాయామం వ్యాయామమే.

రెండో లాభం బిగింపు సులువు. సైకిలు నిండా వైర్లుండవు, హ్యాండిల్ మీద పెట్టెలుండవు. పాత చక్రం తీసి ఇది పెట్టడమే. ఎప్పుడైనా వద్దనుకుంటే పాత చక్రం తిరిగి ఎక్కించుకోవచ్చు. ఇక ఖర్చంటారా... కోపెన్‌హాగన్ చక్రంలోని బ్యాటరీ దాదాపు 280 వాట్-అవర్లు. ఒకసారి నింపడానికి యూనిట్లో మూడోవంతు కరెంటు చాలు.

ఒకరికి జ్వరమొస్తే...

కష్టమూ అక్కడే మొదలవుతుంది. అన్నీ ఒక్క గూటిలో ఉండడం ఉమ్మడి కాపురం లాంటిది. ఒకరికి జ్వరమొస్తే ఇంటిల్లిపాదీ ఆస్పత్రికే! బ్యాటరీ ముసలిదైనా, సెన్సరు పాడైనా చక్రం మొత్తం విప్పి తయారుచేసినవాళ్లకు పంపాలి. వీధి చివర సైకిల్ షాపు మెకానిక్ చేయి పెట్టలేడు.

ఇంకొకటి ఛార్జింగ్. చాలావాటిలో బ్యాటరీ ఒక్కదాన్నే తీసి లోపలికి తెచ్చుకోవడం కుదరదు. మూడో అంతస్తులో ఉండేవాళ్లు సైకిలునే ప్లగ్గు దగ్గరకు మోసుకురావాలి. మామూలు చక్రం కన్నా ఇది కొన్ని కిలోలు ఎక్కువ బరువు. దారిలో ఛార్జింగ్ అయిపోతే ఆ బరువంతా కాళ్లే లాగాలి. పంచరైతే ఫర్వాలేదు, మన పంచరు షాపుల్లో చక్రం విప్పకుండానే ట్యూబు లాగి ప్యాచ్ వేసేస్తారు. ట్యూబే మార్చాలంటే మాత్రం ఆ బరువైన చక్రాన్ని దించక తప్పదు.

మన ఎండల సంగతీ ఆలోచించాలి. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. రెంటచింతల, రామగుండం వేసవి గురించి వేరే చెప్పాలా! పైగా ఇందులో వేడెక్కే మోటారు పక్కనే బ్యాటరీ కాపురం. తిరిగొచ్చిన వెంటనే కాకుండా, చల్లారాక నీడలో ఛార్జింగ్ పెట్టుకోవడం మేలు.

మన సైకిలుకు పడుతుందా?

ఇది అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. ఈ చక్రాలు ఎక్కువగా విదేశీ సైకిళ్ల కొలతలకు చేసినవి. నాన్న నడిపిన 28 అంగుళాల పాత సైకిలులో వెనక ఫోర్కు సందు ఇరుకు. కడ్డీ బ్రేకులు వేరే రకం రిమ్ము కోరతాయి. మోటారు తిరిగేటప్పుడు ఇరుసును వెనక్కి మెలితిప్పుతుంది. దాన్ని కదలకుండా పట్టే ఇనుప పట్టీ లేకపోతే నట్లు వదులై చక్రం ఊడొచ్చే ప్రమాదముంది. ముందు చక్రానికి మోటారు బిగిస్తే ఆ భారమంతా ముందు ఫోర్కు మీదే. అరిగిన బ్రేకులతో వేగం పెంచుకోవడం మాత్రం ఎప్పుడూ కొరివితో తల గోక్కోవడమే.

చట్టం సంగతీ ఉంది. మన దేశంలో మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే లైసెన్సు, రిజిస్ట్రేషన్ల గొడవ ఉండదు. అమెరికాలో 750 వాట్ల దాకా ఒప్పుకొంటారు. అక్కడ సరైనది ఇక్కడ తప్పు కావచ్చు.

మరి అబ్బాయి ఇచ్చిన మాట? విమానంలో 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికులు తీసుకెళ్లకూడదు. సూటుకేసులో పెట్టినా, చేత్తో పట్టుకున్నా కుదరదు!

కంపెనీ పోతే?

కోపెన్‌హాగన్ చక్రం 2017లో సుమారు 1,500 డాలర్లకు మార్కెట్లోకి వచ్చింది. ఇప్పటి లెక్కలో లక్ష రూపాయల పైమాటే. దాన్ని తయారుచేసిన సూపర్‌పెడెస్ట్రియన్ సంస్థ తర్వాత అద్దె స్కూటర్ల వ్యాపారంలోకి మళ్లింది. 2023 చివర్లో అమెరికాలో దుకాణం కట్టేసింది. యాప్‌తో నడిచే చక్రం కొన్నవాళ్లకు అందులో పాఠముంది. వస్తువు ఎంత గొప్పదైనా విడిభాగం దొరక్కపోతే అలంకారమే.

అందుకే మోటారు, బ్యాటరీ, కంట్రోలరు విడివిడిగా వచ్చే కిట్లు చూడ్డానికి వైర్ల గందరగోళంలా ఉన్నా మన ఇళ్లకు నయం. పాడైన ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి ఛార్జ్ చేసుకోవచ్చు. ఆ 1,500 డాలర్లలో సగం కన్నా తక్కువకే మొత్తం ఎలక్ట్రిక్ సైకిలూ ఇక్కడే దొరుకుతుంది.

కొనేముందు...

* చక్రం కొలత, ఫోర్కు సందు, బ్రేకుల రకం రాసుకుని వెళ్లండి.
* బ్యాటరీ విడిగా మారుస్తారా, మార్పు ఖర్చెంత అని అడగండి.
* యాప్ లేకుండా, ఫోన్ ఆగిపోయినా నడుస్తుందా తేల్చుకోండి.
* మీ ఊళ్లో బాగుచేసేవాళ్లున్నారో లేదో చూడండి.
* వాట్లు, వేగం బిల్లు మీద రాయించుకోండి.

నాలుగో ప్రశ్నకు 'లేరు' అని జవాబొస్తే మిగతావి అడగక్కర్లేదు. బ్రేకులు మార్పించి, చెయిన్‌కు నూనె వేయించి నాన్నను పాత చక్రంతోనే పొద్దున్నే పాలప్యాకెట్టుకు పంపండి. ఫ్లైఓవరు సంగతి తర్వాత చూద్దాం!