విమానయంత్రపు చిట్టా



విమానయంత్రమునకు ఏ క్షణమున ఎంత ఇంధనము కావలయునో నేడు ఒక చిన్న పెట్టె నిర్ణయించుచున్నది. దానిని ఇంజను కంట్రోలరు అందురు. యంత్రపు వేడిమిని, ఒత్తిడిని, వేగమును సెకండునకు పెక్కు మాఱులు పరికించి ఇంధనపు కవాటమును త్రిప్పుట దాని మొదటి ధర్మము. తాను కనిన లోపములను వ్రాసిపెట్టుట రెండవ ధర్మము. ఈ రెండవది ఎంత కష్టమో విన్నవించెదను.

పూర్వము మన గ్రామములందలి కరణము పొలము కొలిపించుచు లెక్క వ్రాసెడివాడు. వ్రాతకొఱకు కొలత తప్పరాదు గదా! అట్లే చిట్టాకొఱకు ఇంధనపు పని క్షణమైనను ఆగరాదు. కాని శాశ్వతముగ నిలుచు మెమరీ చిప్పులో వ్రాయుటకు కాలము ఎక్కువ పట్టును. అందుచే వార్తను మొదట తాత్కాలిక స్థలమున నుంచి, తీరిక చిక్కినపుడు శాశ్వత స్థలమున కెక్కింతురు.

ఇందు రెండవ చిక్కు పుట్టుచున్నది. ఎక్కింపకమునుపే విద్యుత్తు తెగినచో వార్త నశించును. నడుమ తెగినచో సగము పంక్తి మిగులును. సగము పంక్తిని నిజమని నమ్ముట ప్రమాదము. కావున ప్రతి పంక్తితోడను సరిచూపు సంఖ్య నొకదానిని చేర్తురు. లెక్క కుదరని పంక్తిని త్రోసివేయుదురు.

మూడవది అరుగుదల. పలుమాఱులు చెఱిపి వ్రాసిన కాగితము చినుగునట్లు చిప్పును అరుగును. కొన్ని చిప్పులలో ఒక గడిని సుమారు 1,00,000 మాఱులు మాత్రమే వ్రాయవచ్చును. వదులైన తీగ యొకటి సెకండునకు 10 మాఱులు లోపము చూపగా, అన్నిటిని ఒకే గడిలో వ్రాసినచో 10,000 సెకండ్లు, అనగా మూడు గంటలైనను నిండకమునుపే గడి చెడును. కావున మొదటి లోపమును పూర్తిగా వ్రాసి, తరువాతివానిని లెక్కించుచు, ఆ లెక్కను అప్పుడప్పుడు మాత్రమే ఎక్కింతురు.

నాలుగవది స్థలసంకోచము. క్రొత్తదానికై పాతదానిని చెఱిపినచో మూలకారణమే పోవచ్చును. జ్వరము ఎట్లు మొదలైనదని వైద్యుడు అడుగును గదా! అందుచే తొలిలోపమును, అప్పటి యంత్రస్థితిని భద్రపఱచుట మేలు.

ఈ శ్రమకు ఫలమేమి? 2008 జనవరి 17న బీజింగునుండి లండనుకు వచ్చిన బోయింగు 777 విమానము హీత్రో చేరువలో రెండు యంత్రముల బలమును తగ్గి, రన్‌వేకు ఇవతలనే నేల దాకెను. అందలి 152 మందియు బ్రదికిరి. తప్పు కంట్రోలర్లదా? రెండును కవాటములను పూర్తిగా తెఱిపించెననియు, ఇంధనమే తగినంత రాలేదనియు వ్రాతలు తెలిపెను. ఇంధనమందలి నీరు మంచుగడ్డయై, ఇంధనమును వెచ్చజేయు పరికరపు ముఖమున అడ్డుపడెనని పిదప ప్రయోగములవలన తేలెను. ఆ పరికరమును మార్చి నిర్మించిరి. అదే విమానమున మఱియొక లేఖనయంత్రము కలదు. విద్యుత్తు తెగగా, శాశ్వత స్థలమున కెక్కని దాని కడపటి వార్తలు పోయినవి. నేను చెప్పిన రెండవ చిక్కు ఇదియే.

మన బిడ్డలు దూరదేశములకేగు పెద్ద విమానములందును ఇట్టి పెట్టెలే కలవు. వాని చిట్టాను నేలమీద చదువు పనివారి శ్రద్ధయు మనకు రక్షయే.