తడిసిన వీధి – దించిన చూపు

వర్షం అల్లాహ్ కారుణ్యానికి గుర్తు. దివ్యఖుర్ఆన్ దానిని శుభప్రదమైన నీరుగా, నిర్జీవమైన నేలకు ప్రాణం పోసే అనుగ్రహంగా మనకు పదేపదే జ్ఞాపకం చేస్తుంది. ఒకసారి వాన కురిసినప్పుడు దైవప్రవక్త (స) తమ వస్త్రాన్ని కొంత తొలగించి చినుకులను దేహంపై పడనిచ్చారనీ, కారణమడిగితే అది తన ప్రభువు వద్ద నుండి అప్పుడే వచ్చినదని సెలవిచ్చారనీ హజ్రత్ అనస్ (రజి) తెలిపారు (సహీహ్ ముస్లిం). అయితే మరొక సందర్భంలో వారం రోజులు ఎడతెగక కురిసిన వానకు ఇళ్ళు కూలుతున్నాయని ప్రజలు మొరపెట్టుకోగా, ఆ వర్షాన్ని తమపై గాక చుట్టుపక్కల కొండలపై, లోయలపై కురిపించమని ఆయనే దుఆ చేశారు (సహీహ్ బుఖారీ).

ఆనందం, భయం – ఈ రెండూ వానలో ఉన్నాయి. పట్టణవాసికి ఆ రెండూ ఎదురయ్యే చోటు వీధి. అందువల్లనే కాబోలు, ప్రపంచంలోని ఎందరో చిత్రకారులను, ఫొటోగ్రాఫర్లను తడిసిన వీధి ఆకర్షించింది. వారు దానిని ఎలా చూశారు? ఇంటింటా కెమెరా ఉన్న ఈ కాలంలో మనం ఎలా చూస్తున్నాము?

ముందుగా ఒక మాట. జీవుల రూపాలను చిత్రించడాన్ని అత్యధిక ధర్మవేత్తలు నిషిద్ధమన్నారు. కెమెరా ఫొటో విషయంలో నేటి ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. బొమ్మలు గీసి జీవించే ఒక వ్యక్తి తన వద్దకు రాగా, గీయక తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీసుకోమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉపదేశించారు. ఈ వ్యాసం ఫత్వా కాదు. చూపుకు సంబంధించిన ఒక పాఠం మాత్రమే.

గొడుగుల చాటున

జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857లో ఎదో నగరపు (నేటి టోక్యో) వంతెన ఒకదానిపై కురిసిన ఆకస్మిక వానను చెక్క అచ్చులతో ముద్రించాడు. ఆకాశంలో నల్లని మబ్బు. దాని నుండి సన్నని గీతలుగా దిగుతున్న వాన. వంతెనపై జనం వంగి పరుగెడుతున్నారు. వారి ముఖాలు గొడుగుల క్రింద, గడ్డి టోపీల క్రింద ఒదిగిపోయాయి. దిగువ నదిలో ఒక మనిషి తెప్పను నడుపుకుంటూ పోతున్నాడు. వాన అందరిపైనా పడుతోంది. ఆగి తలదాచుకునే వీలు మాత్రం అందరికీ లేదు. ఈ చిత్రం ఐరోపా చేరి ఎంత ప్రభావం చూపిందంటే, వాన్ గో 1887లో దీనిని చూసి తైలవర్ణాలలో తిరిగి గీశాడు.

ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కయ్‌బోత్ 1877లో ప్రదర్శించిన పారిస్ వీధి చిత్రం మనిషి ఎత్తుకు మించిన పెద్ద పటం. ఇప్పుడది చికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. విచిత్రమేమంటే, ఆ చిత్రంలో వానచినుకు కనిపించదు. తళతళలాడే రాతి బాట, తెరిచిన గొడుగులు మాత్రమే వాన సంగతి చెబుతాయి. ముందువరుసలో ఖరీదైన దుస్తుల్లో ఒక జంట నడుస్తోంది. వెనుక, పరికించి చూస్తే తప్ప కనబడనంత చిన్నగా, నిచ్చెన మోసుకుపోతున్న ఒక పనివాడున్నాడు. పాత ఇరుకు వీధులను కూలగొట్టి విశాలమైన బాటలు వేసిన కొత్త పారిస్ అది. ఆ చిత్రాన్ని మెచ్చుకునేవారి చూపు ముందున్న జంట దగ్గరే ఆగిపోతుంది. నిచ్చెన మోసేవాని దాకా వెళ్ళే చూపు అరుదు.

అమెరికా ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1900–01 ప్రాంతంలో తీసిన న్యూయార్క్ వాన ఫొటోలో ఈ లోటు తీరింది. అందులో ధనికులు లేరు. ముందు ఒక సన్నని చెట్టు, దాని వెనుక వానలో వీధి ఊడ్చే ఒక కార్మికుడు. అతడెవరో పోల్చుకోలేము; అతని శ్రమ మాత్రం కంటికి ఆనుతుంది.

అదే న్యూయార్క్‌లో తరువాతి తరానికి చెందిన సాల్ లైటర్ ఒక యూదు ధర్మపండితుని కుమారుడు. ధర్మవిద్య చదువుతూ మధ్యలో విడిచి 1946లో ఆ నగరానికి చేరాడు. రంగు ఫొటోలను కళగా ఎవరూ గౌరవించని రోజుల్లోనే తన పరిసరాల వీధులను రంగుల్లో తీశాడు. ఆవిరి పట్టిన అద్దాలు, చినుకుల చారలు, అడ్డువచ్చిన గొడుగు – వీటి వెనుక మనుషులు నీడల వలె కదులుతారు. ఆ రంగు ఫొటోలలో అత్యధికం దశాబ్దాల పాటు లోకానికి తెలియకుండా ఉండిపోయి, 2006లో పుస్తకంగా వెలువడ్డాయి.

వీటిలో ఎక్కువ చిత్రాలకు ఒక పోలిక ఉంది. వానే ఒక పర్దా అయింది. అందం కనిపించింది, కష్టం కనిపించింది, కాని తడిసిన మనిషి నగుబాటు కాలేదు.

నేటి కెమెరాలు

ఇక మన వీధులకు వద్దాము. గట్టి వాన పడితే చాలు, వెంటనే సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. నీటిలో జారిపడిన వృద్ధుడు, బండి ఆగిపోయి నిస్సహాయంగా నిలబడిన యువకుడు, తడిసిన బట్టలతో ఇంటికి చేరాలని తపించే సోదరి – వీరి వీడియోలు నిమిషాలలో వందల ఫోన్లకు చేరుతాయి. పైన నవ్వుల బొమ్మలు. తీసినవాడు చేయి అందించలేదు, పంపినవాడు అడగలేదు, చూసినవాడు నవ్వి మరొకరికి పంపాడు. పడినవాడు లేచి ఇంటికి వెళ్ళిపోయినా, అతని పతనం మాత్రం ఆ ఫోన్లలో కొనసాగుతూనే ఉంటుంది.

వీధిలో కూర్చునేవారికి దైవప్రవక్త (స) వీధి హక్కులు తెలిపారు. చూపు దించుకోవడం, బాధ కలిగించకపోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ఆజ్ఞాపించి చెడును వారించడం (బుఖారీ, ముస్లిం). వీటిలో మొట్టమొదటిది చూపు గురించే. ఫోన్ కన్ను మన కన్ను కాదా? సూరయె నూర్‌లోని చూపుల ఆజ్ఞ కంటికి వర్తించినట్లే కెమెరాకూ వర్తిస్తుంది. ఒకరినొకరు ఎగతాళి చేయరాదన్న సూరయె హుజురాత్ ఆదేశం ఫార్వర్డ్ నొక్కే వేలికి కూడా వర్తిస్తుంది.

అలాగని వాన కష్టాన్ని ఫొటో తీయనే రాదని కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేల మంది మరణించారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికి బయటపడ్డారని చెబుతారు. ఆనాటి ఫొటోలలో కూలిన ఇళ్ళు, దెబ్బతిన్న నగరం మనకు మిగిలాయి. అవి ఎవరినీ అవమానించవు, జరిగినదానికి సాక్ష్యమిస్తాయి. ఆ విపత్తు తరువాతనే వరదను అదుపు చేసేందుకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించబడ్డాయి.

కనుక తల్లిదండ్రులు ఈ వానాకాలంలో పిల్లలకు ఒక చిన్న నియమం నేర్పవచ్చును. ఎవరైనా పడితే ముందు చేయి అందించాలి, ఫోన్ తరువాత. తీయవలసి వస్తే పడిన మనిషిని కాదు, పడవేసిన గుంతను తీయాలి. మూత లేని మ్యాన్‌హోల్, నీటిలో వేలాడే కరెంటు తీగ, పూడుకుపోయిన నాలా – వీటి ఫొటో తీసి మున్సిపల్ సిబ్బందికి, విద్యుత్ శాఖకు పంపాలి. ఇరుగుపొరుగును హెచ్చరించాలి. దారి నుండి హానికర వస్తువును తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటని హదీసులో ఉన్నది. అటువంటి ఫొటో ఆ పుణ్యానికి తొలి మెట్టు కాగలదు. ప్రాణం లేని వస్తువుల ఫొటో గనుక అందులో ఎవరికీ అభ్యంతరముండదు. ఒక ప్రాణం నిలబడవచ్చు కూడా.

అల్లాహ్ మనపై ప్రయోజనకరమైన వర్షాన్ని కురిపించుగాక! తోటివారి కష్టాన్ని చూసి కరిగే హృదయాన్ని, వారి పరువును కప్పే చూపును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.