రిఫ్రిజిరేటరు: కొన్న ధర, వాడిన ధర

హైదరాబాదులోని ఎర్రగడ్డలో ఆదివారమునాడు జరుగు పాతసామానుల సంతలో ఒక గృహస్థు రెండు తలుపుల పాత రిఫ్రిజిరేటరును ఆరువేల రూపాయలకు బేరమాడినాడనుకొందము. అంతే పరిమాణము గల క్రొత్తది దుకాణములో ఇరువదియేడు వేలు. ఇరువదియొక్క వేలు మిగిలినవి గదా యని అతడు సంతోషించుట సహజము. కాని రిఫ్రిజిరేటరు వెల ఒక్కసారిగా తీరిపోవునది కాదు. కొంత కొన్ననాడు చెల్లింతుము. తక్కినది నెలనెల కరెంటు బిల్లులో, మనకు తెలియకుండగనే, పదేండ్లపాటు చెల్లించుచుందుము. ఈ రెండింటిని ఒకే త్రాసులో తూచుట యెట్లు?

ఎర్రగడ్డ ప్రక్కనే యున్న సనత్‌నగరులో 1942లో స్థాపితమైన ఆల్విన్ సంస్థ ఒకప్పుడు రిఫ్రిజిరేటర్లను తయారుచేసి దేశమంతటికి పంపెడిది. 1990 దశకములో ఆ విభాగము వోల్టాసు సంస్థ చేతికి పోయినది. ఆ కాలమున పెట్టె ఎన్ని లీటర్లది, వెల యెంత, ఎన్నేండ్లు పనిచేయును అని మాత్రమే కొనువారు అడిగెడివారు. సంవత్సరమునకు ఎంత కరెంటు కాల్చునో తెలుపు చీటీ ఏ పెట్టెకును లేదు. మన దేశములో నక్షత్రముల చీటీ 2006లో వచ్చినది. మంచు పేరుకొనని రకములకు 2010లో తప్పనిసరి యైనది.

ఒకే పరిమాణము గల రెండు పెట్టెలు వేరువేరుగా కరెంటు కాల్చుటకు కారణ మేమి? రిఫ్రిజిరేటరు "చలిని పుట్టించు" యంత్రము కాదు. వేడిని తోడిపోయు యంత్రము. బావిలోని నీటిని చేద పైకి తెచ్చినట్లు, పెట్టెలోని వేడిని ఇది వెలుపలి గదిలోనికి తోడును. లోపలి గొట్టములలో ఒక ద్రవము ఆవిరియగుచు, అందుకు కావలసిన ఉష్ణమును చుట్టునున్న గాలినుండి గ్రహించును. ఆ ఆవిరిని కంప్రెసరు నొక్కి వేడెక్కించి వెనుక గొట్టములలోనికి నెట్టును. అక్కడ అది గదిలోనికి వేడిని విడిచి మరల ద్రవమగును. కరెంటులో అధికభాగము ఖర్చగునది ఈ కంప్రెసరు వద్దనే.

బావి లోతైనకొలది చేదుట కష్టము. ఇక్కడను అంతే. మంచుగదిలో సున్నకు దిగువ 18 డిగ్రీలు, అనగా 255 కెల్విన్ అనుకొనుడు. వెనుక గొట్టములు 40 డిగ్రీలు, అనగా 313 కెల్విన్. లోపమే లేని ఆదర్శ యంత్రమైనచో, ఒక యూనిట్ కరెంటుతో 255ను 58చే భాగించగా వచ్చిన 4.4 యూనిట్ల వేడిని తోడగలదు. గొట్టములను గోడకు నొక్కిపెట్టి గాలి ఆడకుండ చేసినందువలన అవి 50 డిగ్రీలకు చేరినచో తేడా 68 అగును, తోడగలిగినది 3.75 యూనిట్లే. అంతే పనికి కరెంటు ఆరవవంతుకు పైగా ఎక్కువ పట్టును. నిజమైన యంత్రములు ఈ అవధికి చాల దిగువననే యుండును. పాత యంత్రమునకు మరికొన్ని అవస్థలు గలవు: తలుపు రబ్బరు గట్టిపడి వెచ్చని గాలిని లోనికి రానిచ్చును, గోడలలోని నురుగు వేడిని నిరోధించు శక్తిని క్రమముగా కోల్పోవును. సంతలో ప్లగ్గు పెట్టి చూపినప్పుడు లోపల చల్లబడుట కనబడును గాని, ఎంత కరెంటుతో చల్లబడెనో కనబడదు.

ఇక లెక్క. పాతది నెలకు 45 యూనిట్లు, క్రొత్తది 18 యూనిట్లు వాడుననుకొందము. ఇవి ఉదాహరణకు తీసికొన్న అంకెలు. క్రొత్తదాని వాడకము దాని చీటీపై సంవత్సరమునకు ఇన్ని యూనిట్లని వ్రాసియుండును. తేడా నెలకు 27 యూనిట్లు. వీటి విలువ యెంత? చాలమంది బిల్లు మొత్తమును యూనిట్లచే భాగించి సగటు ధర కట్టుదురు. అది పొరపాటు. తగ్గునవి బిల్లు కొసనున్న యూనిట్లు గనుక కొసధరనే చూడవలెను.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన గృహవినియోగపు ధరలను చూడుడు. నెలకు 100 యూనిట్లు దాటి 200 లోపు వాడువారికి మొదటి నూరు యూనిట్లు రూ. 3.40 చొప్పున, తరువాతివి రూ. 4.80 చొప్పున. 200 దాటినచో మొదటి యూనిట్ నుండియే రూ. 5.10, 201 నుండి 300 వరకు రూ. 7.70. స్థిరచార్జీలను ప్రక్కన పెట్టుదము.

రిఫ్రిజిరేటరు గాక 90 యూనిట్లు వాడు ఇంటిలో రెండు పెట్టెలలో దేనిని పెట్టినను బిల్లు 200 లోపే. ఆదా నెలకు 27 ఇంటు 4.80, అనగా రూ. 129.60. ఇరువదియొక్క వేలు తిరిగి వచ్చుటకు పదమూడున్నర ఏండ్లు. ఈ యింటివారు పాతదానిని కొనుటలో అవివేక మేమియు లేదు. అది ఎంతకాలము నడచుననునదే వారి చింత. తక్కిన వాడకము 240 యూనిట్లైన ఇంటిలో ఆదా నెలకు రూ. 207.90. గడువు ఎనిమిదిన్నర ఏండ్లకు కొంచెము తక్కువ.

విచిత్రమంతయు నడుమనున్న ఇంటిలో గలదు. అచ్చట తక్కిన వాడకము 165 అనుకొనుడు. పాతదానితో 210 యూనిట్లు, బిల్లు రూ. 1,097. క్రొత్తదానితో 183 యూనిట్లు, బిల్లు రూ. 738.40. అవే 27 యూనిట్లు ఇక్కడ నెలకు రూ. 358.60 మిగిల్చును, ఐదేండ్లు నిండకుండగనే పెట్టుబడి చేతికి వచ్చును. 2024 మార్చి నుండి అర్హులైన కుటుంబములకు 200 యూనిట్ల వరకు బిల్లు లేకుండ చేసిన గృహజ్యోతి పథకము క్రింద ఈ యిల్లుండినచో ఆదా నెలకు పూర్తిగా రూ. 1,097. పందొమ్మిది, ఇరువది నెలలు చాలును. అదే పథకములో నున్న మొదటి యింటికి దక్కు ఆదా మాత్రము సున్న. అచ్చటి పాతపెట్టె కాల్చు కరెంటుకు వెల లేదని కాదు. ఆ వెలను ప్రభుత్వము చెల్లించుచున్నది, అంతే.

మరియొక సూక్ష్మము గలదు. పదేండ్ల తరువాత చేతికి వచ్చు రూపాయి నేటి రూపాయితో సమానము కాదు. రెండు క్రొత్త పెట్టెలలో ఎక్కువ నక్షత్రములది 4,000 రూపాయలు అధికమనియు, ఏటా 60 యూనిట్లు తక్కువ వాడుననియు అనుకొందము. రూ. 7.70 కొసధరపై ఏడాదికి రూ. 462 ఆదా, పదేండ్లకు రూ. 4,620. లాభమే యని తోచును. కాని ఆ నాలుగువేలను నూటికి ఏడు వడ్డీ వచ్చుచోట ఉంచగలవారికి ఆ పదేండ్ల ఆదా నేటి విలువ సుమారు రూ. 3,245 మాత్రమే. కరెంటు ధరలు పెరిగినచో తూకము మారవచ్చును. ఎట్లైనను నక్షత్రము లెక్కువైనంత మాత్రమున ప్రతి యింటికిని లాభమని చెప్పుటకు వీలులేదు.

ఇంటిలో ఇప్పటికే పాతపెట్టె యున్నవారు దాని వాడకమును ఊహింపనక్కరలేదు. ఊరికి పోవునప్పుడు అది తప్ప తక్కినవన్నియు ఆపి, మీటరు అంకెను వ్రాసికొని, తిరిగి వచ్చినప్పుడు మరల చూచినచో చాలును. రెండు పూర్తి దినములకు మూడు యూనిట్లు కదలినచో నెలకు 45 అన్నమాట. తలుపు తెరువని దినముల లెక్క గనుక నిజమైన వాడకము ఇంకను కొంత ఎక్కువే యుండును.

ఆ నడిమి యింటివారు ఒక్క మే నెల బిల్లును చూచి తొందరపడరాదు. పంకాలు, కూలరు ఆగిన తరువాత వారి తక్కిన వాడకము 120కి దిగవచ్చును. అప్పుడు పాతపెట్టెతోను 165 యూనిట్లే. నాలుగు వేసవి నెలలు రూ. 358.60 చొప్పున, మిగిలిన ఎనిమిది నెలలు రూ. 129.60 చొప్పున కూడినచో ఏడాది ఆదా రూ. 2,471. ఐదేండ్లనుకొన్న గడువు, పథకము వర్తింపని ఇంటికి, మరల ఎనిమిదిన్నర ఏండ్లకు పోయినది.