చక్రం పెంచేముందు సందు చూడండి
పాత కార్లకు పెద్ద టైర్లు వేయిస్తే బ్రేకుకే ముప్పు

తాత కొన్న అంబాసిడర్ కారు మనవడి చేతికి వస్తుంది. రంగు వేయిస్తాడు, సీట్లు కుట్టిస్తాడు. ఇక మిగిలేది చక్రాలు. పాతవి సన్నగా వున్నాయి, వెడల్పాటివి వేయిస్తే కారుకు నిండుదనం వస్తుందని ఆశ. బండిబాట గుంతల్లో అడుగుభాగం తగలదని మరో ఆశ. పాత కార్లున్న ఇళ్ళలో ఇది మామూలే, తప్పుకాదు. అయితే టైరు కొంటే సరిపోదు. అది తిరిగే చోటు కూడా చూసుకోవాలి. చూసుకోకపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వారు 1957 నుంచి 2014 వరకు అంబాసిడర్‌ను తయారుచేశారు. పాతవాటికి వచ్చిన టైరు 5.90-15. అంటే సుమారు ఆరంగుళాల వెడల్పు, 15 అంగుళాల రిమ్ము. మడ్‌గార్డులు, స్ప్రింగులు, స్టీరింగు కడ్డీలు ఆ కొలతకు తగినట్లే అమర్చారు.

లెక్క ఇలా

రేడియల్ టైరు మీద 185/70 ఆర్ 15 అని వుంటే 185 మిల్లీమీటర్లు వెడల్పు. పక్కగోడ ఎత్తు అందులో నూటికి 70 వంతులు. 15 రిమ్ము అంగుళాలు. ఈ టైరు మొత్తం ఎత్తు 640 మిల్లీమీటర్లు. అదే 205/70 ఆర్ 15 అయితే 668. తేడా 28. కారు పైకి లేచేది అందులో సగమే, 14 మిల్లీమీటర్లు. టైరు పైఅంచు మడ్‌గార్డుకు దగ్గరయ్యేది కూడా అంతే. వెడల్పులో ఒక్కో పక్కకు 10 మిల్లీమీటర్లు జరుగుతుంది. రిమ్ము కూడా మారిస్తే బోల్టులు బిగించే పళ్ళెం లోపలికుందా, బయటికుందా అన్నది ముఖ్యం. దీన్నే మెకానిక్కులు ఆఫ్‌సెట్ అంటారు. అది తేడా వస్తే టైరు ఒక పక్కకే జరిగిపోతుంది.

మీటరు కూడా తప్పు చెబుతుంది. 640 నుంచి 668కి మారితే, ముల్లు 60 దగ్గర వున్నప్పుడు కారు సుమారు 62.6 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది.

పరీక్ష ఎలా?

ఖాళీ కారు నిలబెట్టి చూసి బాగుందనుకోవద్దు. ముందు ఒక్క చక్రమే బిగించి, స్టీరింగును రెండు పక్కలా చివరివరకు తిప్పాలి. అనుమానం వున్నచోట బంకమన్ను ముద్ద పెట్టాలి. టైరు తగిలితే ముద్ద నొక్కుకుపోతుంది. ఆ తర్వాత వెనుక సీటులో మనుషులను, డిక్కీలో బస్తాలను ఎక్కించి వెనుక మడ్‌గార్డు అంచు, పట్టీల స్ప్రింగు పక్క చూడాలి. టైరు పక్కగోడకు సుద్ద పూసి, గతుకుల బాటలో నెమ్మదిగా నడిపితే రాసుకున్నచోట సుద్ద చెరుగుతుంది. కదిలే భాగాల దగ్గర వేలు దూరేంత సందైనా లేకపోతే ఆ టైరు వద్దనుకోవడమే మేలు. స్టెప్నీ దాని చోట పడుతుందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. రేడియల్, పాతరకం టైర్లను ఒకే ఇరుసు మీద కలిపి వేయకూడదు.

అసలు ప్రమాదం ముందు చక్రం లోపలి పక్క వుంది. అక్కడి బ్రేకు గొట్టం రబ్బరుది. మలుపు తిరిగినప్పుడల్లా టైరు రాసుకుంటే అరిగి అరిగి ఒకనాడు చిల్లిపడుతుంది. పాత కార్లలో చాలావాటికి బ్రేకు ఆయిల్ లైను ఒక్కటే. ఒకచోట కారిందంటే నాలుగు చక్రాలకూ కాలి బ్రేకు వుండదు. పెళ్ళివారితో నిండిన కారు కాలువగట్టు మీద పోతుండగా అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

చట్టం మాటా వుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రానికి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 15 ఏళ్ళు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే తనిఖీకి పెట్టక తప్పదు.

కొందరు మడ్‌గార్డు అంచును సుత్తితో వంచి టైరు పట్టించుకుంటారు. దానితో బయటి రాపిడి తగ్గవచ్చు గాని, లోపల బ్రేకు గొట్టానికి తగిలేది తగలక మానదు. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. మడ్‌గార్డు కొద్దీ టైరు.