చందుర్తి పొలము, రాజవొమ్మంగి ఠాణా

రాజమహేంద్రవరమునుండి తెల్లవారుజామున మోటారుపై బయలుదేరినచో ఒక్కదినములో చూడదగిన యుద్ధభూములు రెండు కలవు. పానిపట్టును, ప్లాసీని తడుముకొనక చెప్పగల మన విద్యావంతులలో చందుర్తి యెక్కడనున్నదో యెరిగినవారు అరుదు. ఇందుకు వారినే నిందించుట న్యాయము కాదు. ఆంగ్ల చరిత్రకారులు ఆ గ్రామమును "కాండోర్" అని వ్రాసిరి. ఆ పేరు చదివినవాడు దానిని గొల్లప్రోలు చెంత వెదకునా?

మొన్నటి ప్రయాణమును మేము రాళ్లబండి సుబ్బారావుగారి పేర నున్న ప్రభుత్వ ప్రదర్శనశాలతో ప్రారంభించితిమి. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకమునకు తొమ్మిదివందల యేండ్లు నిండిన 1922లో ఈ పట్టణమున ఆంధ్రేతిహాస పరిశోధకమండలి వెలసినది. పండితులు ఆ యుత్సవములలో మునిగియున్న యేడే మన్యమున తుపాకులు మ్రోగినవి. ఆ సంగతి ముందు చెప్పెదము.

పిఠాపురము మీదుగా చందుర్తి చేరితిమి. అచ్చట చూడవలసినది కోట కాదు, పొలమే. 1753లో ఉత్తరసర్కారులు సలాబతుజంగువలన ఫ్రెంచివారికి దక్కినవి. 1757 జనవరిలో బుస్సీతో గూడి బొబ్బిలిపై దండెత్తిన విజయనగర ప్రభువు విజయరామరాజు తాండ్ర పాపారాయుని కత్తికి బలియయ్యెను. అనంతరము గద్దెనెక్కిన ఆనందరాజునకు ఫ్రెంచివారితో పొసగలేదు. 1758లో ఆయన విశాఖపట్టణమును వారినుండి లాగికొని, ఇంగ్లీషువారికి కబురంపెను. మద్రాసువారు వెనుదీయగా, కలకత్తానుండి క్లైవు కర్నల్ ఫోర్డును పంపెను. ఆ సేన ఖర్చులకు నెలకు ఏబదివేల రూపాయలిచ్చుటకు రాజు ఒప్పుకొనెను. బుస్సీని లాలీ అప్పటికే దక్షిణమునకు పిలిపించుకొనుటచే ఫ్రెంచిసేనకు కాన్‌ఫ్లాన్సు నాయకుడయ్యెను.

డిసెంబరులో ఉభయసేనలు ఇచ్చట తారసిల్లినవి. ఫోర్డునొద్ద తెల్లవారు సుమారు 470, సిపాయిలు 1,900. కాన్‌ఫ్లాన్సునొద్ద తెల్లవారు 500, సిపాయిలు 6,000. ఆనందరాజు బలము వేరు. లెక్క చూచినచో తెల్లవాని యుద్ధమున నిలిచినవారిలో హెచ్చుమంది మనదేశపువారే. ఏపుగా పెరిగిన చేను ఫోర్డు తెల్లదళమును మరుగుపరచినది. బంగాళమునుండి వచ్చిన సిపాయిల ఎర్రచొక్కాలు చూచి, వీరే ఇంగ్లీషుదళమని ఫ్రెంచివారు భ్రమించిరి. వారిపై విరుచుకుపడి, చెదరినవారిని తరుముకొనిపోయిరి. అంతలో చేనిచాటునుండి అసలుదళము వెలువడి కాల్పులు సాగించెను. కాన్‌ఫ్లాన్సు గుర్రమెక్కి రాజమహేంద్రవరమునకు పారిపోయెను. 1759 ఏప్రిల్‌లో బందరుకోట పడినది. 1765లో మొగలు పాదుషా ఫర్మానాతో సర్కారులు కుంపిణీ పరమైనవి.

ఆనందరాజును ద్రోహియని యొక్కమాటతో త్రోసివేయుట సులభము. ఆయన యొక పరదేశీయుని తొలగించుటకు వేరొకనిని జీతమిచ్చి పిలిచెను; పని తీరినపిదప వాడు తిరిగిపోవునని తలచెను కాబోలు. తన సిస్తు తనకు నిలిచినచో కోటపై నెవరి జెండా యెగిరినను చింతలేదనుకొన్న ప్రభువులు ఆనాడు పెక్కురు. భూస్వాములగు మన చదువరులు ఈ ఘట్టమును నిదానముగ చదువవలెను.

చందుర్తినుండి అన్నవరము దూరము కాదు. 1923 ఏప్రిల్‌లో, ప్రభుత్వము తనకై గాలించుచుండగా, అల్లూరి సీతారామరాజు ఈ యూరికి బాహాటముగ వచ్చెను. మేము స్వామిదర్శనము చేసికొని, వెనుదిరిగి, ఏలేశ్వరము, అడ్డతీగల మీదుగా రాజవొమ్మంగి చేరితిమి. పల్లపు వరిచేలు వెనుకబడి కొండలు దగ్గరగుకొలది ఊళ్లు పలుచబడును. 1882 అటవీశాసనము పోడును నిర్బంధించినది. రోడ్లపనికి మన్యపువారిచే చాలీచాలని కూలికి చాకిరి చేయించిరి. గాము గంటందొర, మల్లుదొర మొదలగువారు రాజుతో చేరుటకు ఇవియే కారణములు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు వరుసగా రాజుదండు వశమైనవి. మూడింట దొరకిన తుపాకులు 26. రాజవొమ్మంగి ఠాణాలో బంధింపబడియున్న వీరయ్యదొర విముక్తుడయ్యెను. పట్టుకొన్న ఆయుధముల వివరము రాజు తానే వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. వీరు నెలకు ఏబదివేలిచ్చి యెవరినీ పిలువలేదు. ఇచ్చుటకు వారికి లేవు కూడ.

రాజవొమ్మంగితో ఆగిపోవలదని మా మనవి. మరునాటికి నిలిచి, కొయ్యూరు మీదుగా కృష్ణదేవిపేటకు పోవలెను. 1924 మే 7న విచారణయే లేక కాల్చబడిన రాజు సమాధి అచ్చట కలదు.