వీధి ఛాయాచిత్రం: చట్రంలో ఎవరికెంత చోటు?

1932లో పారిస్ నగరంలోని సెయింట్ లజార్ రైల్వే స్టేషన్ వెనుక ఒక వ్యక్తి నీటి మడుగును దాటడానికి గాలిలోకి దూకాడు. అతని మడమకూ, నీటిలోని దాని ప్రతిబింబానికీ మధ్య సన్నని ఖాళీ మిగిలి ఉన్న సమయంలో ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ కెమెరా మీట నొక్కారు. తొంభై ఏళ్లు దాటినా వీధి ఛాయాచిత్రకళ గురించి చర్చ జరిగే చోటల్లా ఆ చిత్రం ప్రస్తావనకు వస్తూనే ఉంది.

ఆ ఖ్యాతినంతటినీ సాధారణంగా ఆ ఒక్క క్షణానికే ముడిపెడతారు. 1952లో వెలువడిన ఆయన పుస్తకానికి ఆంగ్లంలో ‘నిర్ణాయక క్షణం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టడంతో ఈ భావన మరింత స్థిరపడింది. కాని చిత్రాన్ని నిదానంగా పరిశీలిస్తే మరికొన్ని సంగతులు బయటపడతాయి. వెనుక గోడపై అంటించిన ప్రకటనలో ఒక నర్తకి కూడా గాలిలోకి ఎగురుతూ కనిపిస్తుంది. నీటిలో పడి ఉన్న ఇనుప కట్ల వంపులు, నీటి అలల వలయాలు ఒకదానికొకటి బదులు పలుకుతాయి. నీటిలో అడ్డంగా పడి ఉన్న నిచ్చెన, అతను ఎక్కడి నుంచి దూకాడో చెబుతుంది. మనిషి, ప్రతిబింబం, నర్తకి అనే మూడు రూపాలు దేనికది విడివిడిగా, స్పష్టంగా కనిపించడం వల్లనే ఆ క్షణానికి అర్థం ఏర్పడింది. అదే దూకుడు వెనుకనున్న కంచెలో కలిసిపోయి ఉంటే, అంతటి అరుదైన క్షణం కూడా మన కంటికి ఆనేది కాదు.

దృశ్య కూర్పు, అంటే కంపోజిషన్, చేసే పని ఇదే. అది చిత్రానికి చివర తొడిగే అలంకారం కాదు. చట్రంలోకి ఏది రావాలి, ఏది వెలుపల ఉండాలి, వచ్చినవాటికి ఎంతెంత చోటు ఇవ్వాలి అన్న నిర్ణయమే కూర్పు. వీధిలో ఆ నిర్ణయం తోటి మనుషులకు సంబంధించినది. అందువల్ల దానికి అందంతో పాటు బాధ్యత కూడా ఉంది. ప్రతి చేతిలోనూ కెమెరా ఉన్న నేటి కాలంలో ఈ విషయం వృత్తి నిపుణులకే పరిమితం కాదు.

సూత్రం కన్నా సంబంధం ముఖ్యం

కొత్తగా కెమెరా పట్టినవారికి మొదట బోధించేది ‘మూడో వంతు’ సూత్రం. చట్రాన్ని అడ్డంగా, నిలువుగా మూడేసి సమభాగాలు చేసి, ఆ గీతలు కలిసే చోట ముఖ్యమైన అంశాన్ని ఉంచాలన్నది దాని సారాంశం. ప్రతిదాన్నీ నట్టనడుమ నిలబెట్టే అలవాటును మాన్పించడానికి అది ఉపకరిస్తుంది. అయితే మనిషిని గీతపై నిలిపినంత మాత్రాన చిత్రం బలపడదు. ఆ మనిషికీ, మిగిలిన చట్రానికీ మధ్య సంబంధం ఏమిటన్నదే అసలు ప్రశ్న.

ఈ సంబంధాలు చాలావరకు ఖాళీల వల్ల తెలుస్తాయి. ఇద్దరు మనుషుల మధ్య కొంత చోటు ఉంటే వారు ఇద్దరుగా కనిపిస్తారు. ఆ చోటు మూసుకుపోతే నాలుగు చేతులున్న ఒకే ముద్దలా మారతారు. నడిచే మనిషి తలలోంచి కరెంటు స్తంభం మొలిచినట్టు కనిపించడం మనందరికీ అనుభవమే. ఛాయాచిత్రకారుడు అర అడుగు పక్కకు జరిగితే ఆ స్తంభం భుజం పక్కకు తొలగిపోతుంది. కార్టియర్ బ్రెస్సన్ మొదట చిత్రకారుడు ఆంద్రే లోట్ వద్ద చిత్రలేఖనం అభ్యసించారు. రేఖలను, రూపాలను చూడగల ఆ శిక్షణే వీధిలో రెప్పపాటులో నిర్ణయం తీసుకునే శక్తినిచ్చింది.

తీసిన చిత్రపు అంచులను కత్తిరించడాన్ని ఆయన సాధారణంగా ఇష్టపడేవారు కాదు. సెయింట్ లజార్ చిత్రం మాత్రం దీనికి మినహాయింపు. పలకల కంచె సందులోంచి తీయడం వల్ల ఒక పక్క అడ్డువచ్చిన భాగాన్ని తొలగించవలసి వచ్చింది. నియమం పాటించిన గురువే అవసరమైన చోట దాన్ని సడలించారు.

ముందు వేదిక, తరువాత పాత్ర

వీధి ఛాయాచిత్రకారులు నిరంతరం పరుగెత్తుతూ క్షణాలను వేటాడుతారన్న అభిప్రాయం ఉంది. గొప్ప చిత్రాలు అనేకం ఇందుకు భిన్నంగా పుట్టాయి. అదే 1932లో దక్షిణ ఫ్రాన్స్‌లోని హైయేర్ పట్టణంలో కార్టియర్ బ్రెస్సన్ తీసిన మరో చిత్రంలో మెలితిరిగిన మెట్ల వరుస, దాని కటకటాలు, వంపు తిరిగిన వీధి పైనుంచి కనిపిస్తాయి. పై మూలన సైకిలుపై ఒక వ్యక్తి మసకగా దూసుకుపోతుంటాడు. మెట్లు, వీధి కదిలేవి కావు. ఆ వంపులన్నీ కంటిని నడిపించే దారిలో ఒక బిందువు మాత్రమే కొరవడింది. సైకిలు ఆ లోటు తీర్చింది.

ఈ పద్ధతిని మన వీధులకూ అన్వయించుకోవచ్చు. హైదరాబాదులో చార్మినార్‌కు పడమటి దిక్కున లాడ్ బజారు ఉంది. ఉదయం వేళ ఆ బజారులో నిలబడి చార్మినార్ వైపు చూస్తే సూర్యుడు కట్టడం వెనుక ఉంటాడు. ఎదురుగా వచ్చేవారు నల్లని ఛాయారూపాలుగా కనిపిస్తారు. ముఖాల కన్నా ఆకారాలు, నడక, తలపై మూటల వంపు ప్రధానమవుతాయి. సాయంత్రం పడమటి ఎండ అదే దారిలో ఎదురుగా వచ్చేవారి ముఖాలపై పడుతుంది. అప్పుడు గాజుల రంగులు, కళ్లలోని భావాలు ప్రధానమవుతాయి. స్థలం ఒక్కటే, చిత్రాలు రెండు. ఏ వెలుగులో, ఏ నేపథ్యం ముందు మనిషి స్పష్టంగా విడివడి కనిపిస్తాడో ముందే గమనించి, అక్కడ నిలబడి వేచి ఉండేవారికి క్షణం అదృష్టం మీద ఆధారపడే వస్తువు కాదు.

రద్దీలో నిశ్చలత

భారతీయ వీధిలో ఖాళీ ఎక్కడ దొరుకుతుందన్న సందేహం సహజం. 1942లో జన్మించిన రఘు రాయ్ 1995లో ముంబయిలోని చర్చిగేట్ స్టేషన్‌లో తీసిన చిత్రం దీనికి ఒక సమాధానం. ప్లాట్‌ఫారంపై జనప్రవాహం పొగమంచులా చెదిరి కనిపిస్తుంది. ఆ ప్రవాహం నడుమ వార్తాపత్రిక చదువుతూ కదలకుండా నిలబడిన కొందరు మాత్రం స్పష్టంగా ఉంటారు. కెమెరా కవాటాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచితే కదిలేవారు చెదిరిపోతారు, నిలిచినవారు నిలుస్తారు. ఇక్కడ మనుషులను విడదీసింది స్థలంలోని ఖాళీ కాదు, కాలం. మహానగరపు ఉరుకుల మధ్య ఒక మనిషి తనకోసం మిగుల్చుకున్న నాలుగు నిమిషాల విరామం ఆ చిత్రంలోని వస్తువు. సాంకేతిక నిర్ణయం, అర్థం అక్కడ ఒక్కటయ్యాయి.

జైపూర్‌లో జన్మించి 1999లో మరణించిన రఘువీర్ సింగ్ మరో మార్గం ఎంచుకున్నారు. కళాత్మక ఛాయాచిత్రమంటే నలుపు తెలుపులే అనుకున్న కాలంలో ఆయన రంగులను స్వీకరించారు. భారతీయ జీవితంలో రంగు విడదీయరాని భాగమని వాదించారు. ఆయన చట్రాలు తరచూ కిక్కిరిసి ఉంటాయి. అయినా అవి గజిబిజిగా అనిపించవు. ఒక స్తంభం, ఒక తలుపు, ఒక అద్దం చట్రాన్ని గదులుగా విభజిస్తాయి, ఒక్కో గదిలో ఒక్కో కథ నడుస్తుంది. అంబాసిడర్ కారునే ఆధారంగా చేసుకుని తీసిన చిత్రాలు ఆయన మరణానంతరం 2002లో పుస్తకంగా వెలువడ్డాయి. కారు తలుపు, కిటికీ, అద్దం వాటిలో చట్రం లోపలి చట్రాలుగా మారాయి. మన వీధిని ఖాళీ చేయనక్కరలేదని, దానికి అంతర్గతమైన అమరికను కనుగొంటే చాలని ఆయన చిత్రాలు నిరూపించాయి.

ఏ ఎత్తు నుంచి చూస్తున్నాం?

వీధి చిత్రాల్లో కనిపించేవారు నటులు కారు. తమను ఎవరు, ఎలా చూపిస్తున్నారో వారికి తెలియకపోవచ్చు. నేలపై కూర్చుని కూరగాయలు అమ్మే మహిళను ఊహించుకోండి. నిలబడి పైనుంచి చిత్రం తీస్తే ఆమె నడినెత్తి, గంప, నేల కనిపిస్తాయి. ఆమె చిన్నదైపోతుంది, దయ చూపవలసిన వ్యక్తిగా మారుతుంది. మోకాలిపై వంగి ఆమె కంటి ఎత్తు నుంచి చూస్తే తూకం సరిచూసే చేయి, బేరమాడే కొనుగోలుదారు, వెనుకనున్న వీధి చట్రంలోకి వస్తాయి. ఇప్పుడామె వ్యాపారం నడుపుతున్న మనిషి. కెమెరా కదిలింది రెండు మూడు అడుగులే, కాని చూసేవారికి ఆమె గురించి అందే సమాచారం పూర్తిగా మారిపోయింది.

సులభంగా దొరికే వైరుధ్యాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. రిక్షాలో నిద్రిస్తున్న కార్మికుడు, అతని వెనుక మెత్తని పరుపుల ప్రకటన. ఇలాంటి కూర్పు చూడగానే అర్థమవుతుంది, ప్రశంసలూ లభిస్తాయి. కాని ఆ కార్మికుడి గురించి అది చెప్పినదేమిటి? అతణ్ణి ప్రకటనకు జోడించిన చమత్కారంగా వాడుకుంది, అంతే. మనిషిని వ్యాఖ్యగా మార్చే చిత్రం ఎంత చక్కగా అమరినా దానిలో ఒక లోటు మిగిలిపోతుంది.

బహిరంగ ప్రదేశాల్లో చిత్రాలు తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టమేదీ మన దేశంలో లేదు. రక్షణ స్థావరాల వంటి నిషిద్ధ ప్రదేశాలకు మాత్రం ఆంక్షలు ఉన్నాయి. ఇతరులెవరూ చూడరని భావించే పరిస్థితిలో ఏకాంతంగా ఉన్న స్త్రీని చిత్రీకరించడం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. చట్టం చెప్పని చోట ఎదుటివారి ముఖమే సూచిక. వద్దని చేయి అడ్డుపెట్టినవారిని వదిలివేయడం మర్యాద.

ఫోనుతో సాధన

చాలా ఫోన్లలోని ప్రధాన లెన్సు, సంప్రదాయ ఫిల్ము కొలతలో చెప్పాలంటే, 24 నుంచి 28 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కార్టియర్ బ్రెస్సన్ ఎక్కువగా వాడిన 50 మిల్లీమీటర్ల లెన్సు కన్నా ఇది చాలా విశాలమైన దృశ్యాన్ని పట్టుకుంటుంది. అందువల్ల మనం చూసిన మనిషి చిత్రంలో చిన్నగా మారి, చూడని చెత్తబుట్ట అంచులో ప్రత్యక్షమవుతుంది. వేళ్లతో తెరపై దృశ్యాన్ని పెద్దది చేయడం కన్నా రెండు అడుగులు ముందుకు వేయడం మేలు.

సాధన ఆరంభించేవారు ఇంటికి దగ్గరలోని ఒకే కూడలిని ఎంచుకోవచ్చు. మీట నొక్కే ముందు చట్రం నాలుగు అంచుల వెంట ఒకసారి కళ్లు తిప్పాలి. నేపథ్యం స్థిరపడ్డాక మనుషుల కోసం ఆగాలి. ఒక చిత్రంతో సరిపెట్టుకోకుండా మరి రెండు తీయాలి. చేతులు, కాళ్లు ఒకదానికొకటి అడ్డుపడనిది వాటిలో ఏదో ఇంటికి వెళ్లాక తెలుస్తుంది. ఆపైన ఎంచుకున్న చిత్రాన్ని అరచేతి పరిమాణంలోనూ, పెద్ద తెరపైనా చూడాలి. చిన్నగా చూసినప్పుడు రూపాల అమరిక తెలుస్తుంది, పెద్దగా చూసినప్పుడు మనుషుల ముఖాలు కనిపిస్తాయి. ఆ ముఖాల్లోని వ్యక్తికి అదే చిత్రాన్ని ధైర్యంగా చూపించగలమా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.